ఆ యాస మా ఇంట్లో లేదు



మా అమ్మాయి ఎనిమిదో తరగతి. పోయిన నెల స్కూల్లో పద్యాల పోటీలో మొదటి బహుమతి తెచ్చుకుంది, మాషా అల్లాహ్. అదే స్కూలు వార్షికోత్సవం నాటికలో తనకి మటన్ కొట్టు భాయ్ భార్య వేషం ఇచ్చారు. వేషంతో నాకు షికాయత్ లేదు. డైలాగులన్నీ "నీకీ నాకీ", "నువ్వు వచ్చింది కదా" బాపతు. పిల్లకి ఆ యాస నోరు తిరగడం లేదు. రాత్రిళ్ళు ఫోన్లో పాత సినిమాల కామెడీ బిట్లు పెట్టుకుని ప్రాక్టీసు చేస్తోంది. సాయిబుల తెలుగు ఎలా ఉంటుందో సాయిబుల పిల్ల సినిమా చూసి నేర్చుకోవాల్సి వచ్చింది! టీచర్ గారిని అడిగితే, "మామూలు తెలుగు పెడితే ముస్లిం అని ఎలా తెలుస్తుంది సార్?" అన్నారు. ఆమె మనసులో నఫ్రత్ ఏమీ లేదు. ఆమెకూ సినిమాయే ఉస్తాద్.

నేను సినిమాలకి దుష్మన్ని కాను, పిచ్చివాణ్ణి. "అసలు చూడకపోతే ఏ గొడవా ఉండదు కదా బేటా" అనే మన బుజుర్గులకి ఒక్కటే జవాబు. మనం చూడకపోయినా మన పొరుగువాళ్ళు చూస్తున్నారు, చూసి మనల్ని గుర్తుపడుతున్నారు.

1970లో వచ్చిన 'ఆలీబాబా 40 దొంగలు' గుర్తుందా? ఎన్టీఆర్ ఆలీబాబా. ఎక్కడో అరబ్బు దేశపు మనిషి గడగడా చక్కటి తెలుగు మాట్లాడితే ఎవరికీ అనుమానం రాలేదు. తాతముత్తాతల నుంచీ గుంటూరు జిల్లాలో ఉన్న మస్తాన్‌కి మాత్రం తెలుగు రాదు! మా నానీ తెలుగులో ఆడ మగ తారుమారయ్యేవి, కాదనను. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పెద్దవాళ్ళు కొందరికి ఇప్పటికీ అంతే. కానీ దూదేకుల ఇళ్ళలో పుట్టినప్పటి నుంచీ తెలుగే. వాళ్ళని ఏ సినిమాలో చూశారు?

"మంచి ముస్లింని కూడా చూపిస్తున్నారు కదా భాయ్" అంటారు. చూపిస్తున్నారు, షుక్రియా. 'ఖడ్గం'లో (2002) ప్రకాష్‌రాజ్ వేసిన అమ్జద్ దేశభక్తి రుజువు చేసుకోవాలి, పైగా తమ్ముడు టెర్రరిస్టు. 'వేదం'లో (2010) మనోజ్ బాజ్‌పాయ్ రహీముద్దీన్ నాకు చాలా ఇష్టం, ఆ అవమానం చూసి హాల్లో ఏడ్చాను. అయినా అతని ఇజ్జత్ తిరిగి రావాలంటే ప్రాణం పణంగా పెట్టాల్సిందే. 'కేరాఫ్ కంచరపాలెం'లో సలీమా కళ్ళు చూసి గడ్డం మనసు పారేసుకుంటాడు, మనమూ పారేసుకుంటాం. ఆమెనీ బతకనివ్వలేదు. కరెంటు బిల్లు కట్టి, పిల్లలకి ట్యూషన్ వెతికి, సాయంత్రం అత్తగారితో చిన్న తగవు పడే సలీమా ఒక్కతి కూడా దొరకదా?

అమెరికా కామిక్ వాళ్ళకి దొరికింది. జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ అమెరికన్ పిల్ల కమలా ఖాన్, 'మిస్ మార్వెల్'. 2014లో మొదలైన ఆ కామిక్ రాసింది జి. విల్లో విల్సన్ అనే ముస్లిం రచయిత్రి. మొదటి సంచిక మొదట్లో కమలా ఏం చేస్తుందో తెలుసా? తను తినకూడని పంది మాంసం శాండ్‌విచ్‌ని వాసన చూస్తూ నిలబడుతుంది! చదివి నేను పడీ పడీ నవ్వాను. లోపలి మనిషి చేసిన మజాక్ అది. అమ్మీ తిట్లు, అబ్బూ బెంగ, అన్నయ్య దీన్‌దారీ, మసీదు, అన్నీ ఉన్నాయి. ఎవరికీ ఏదీ రుజువు చేయనక్కర్లేదు. 2022లో టీవీ సిరీస్ కూడా వచ్చింది. (సూపర్ పవర్ల గోల కన్నా ఇంట్లో సీన్లే నాకు నచ్చాయి.) మన దగ్గర 'అంగ్రేజ్'లో ఇస్మాయిల్ భాయ్‌ని చూసి పాతబస్తీ అంతా ఎందుకు నవ్వింది? అక్కడి దక్కనీ అసలైనది కాబట్టి.

కథలు లేవనే బహానా చెల్లదు. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ఎప్పుడో వచ్చాయి. నెల్లూరు సీమ ముస్లిం ఇల్లు, కమ్మటి నెల్లూరు తెలుగు, కావలసినంత నవ్వు. ఒక్కో కథా ఒక్కో ఎపిసోడ్. పది ఓటీటీలు ఉన్నాయి కదా, తీయండి సాబ్.

ఖైర్, నాటిక శనివారం. మటన్ కొట్టు భార్య డైలాగులు నేనే తిరగరాసి పంపాను, మా ఇంట్లో మాట్లాడే తెలుగులో. టీచర్ గారు ఇంకా జవాబివ్వలేదు.