సరస్వతికి ఎడమ చెయ్యి లేదా?

మొన్న వసంత పంచమి నాడు టీవీలో ఒక ప్రవచనకర్త సెలవిచ్చారు. పసిపిల్లల చేత ఎడమ చేత్తో ఓనమాలు దిద్దించకూడదట, దిద్దిస్తే ఆ ఇంట్లో సరస్వతి నిలవదట. మర్నాడు పక్కింట్లోంచి పిల్ల ఏడుపు ఎంతకీ ఆగకపోతే వెళ్లి చూశాను. మూడేళ్లు నిండీ నిండని పిల్ల. ఎడమ చేతిని చున్నీతో నడుముకి కట్టేసి, ఎదురుగా పలక పెట్టారు.

"ఏం చెయ్యను బాబాయిగారూ, బాసర గుళ్లో పంతులుగారు కుడి చెయ్యి పట్టుకుని బియ్యంలో దిద్దిస్తే బుద్ధిగా దిద్దింది. ఇంటికొచ్చాక మళ్లీ ఎడమ చెయ్యే! ఇప్పుడు మాన్పించకపోతే ఇంకెప్పుడు మానుతుంది?" అంది వాళ్లమ్మ. అన్నప్పుడు ఆ తల్లి కళ్లల్లోనూ నీళ్లే. కట్టు విప్పించి వచ్చాను గానీ, మళ్లీ కట్టరని నాకు నమ్మకం లేదు.

సరస్వతి నిలవదట! గోడకి ఆవిడ పటం తగిలించుకున్న వాళ్లు ఒక్కసారి తలెత్తి చూస్తే బాగుండు. వీణ మీద కుడి చెయ్యి తీగ మీటుతుంది. మెట్ల మీద నొక్కి స్వరం పలికించేది ఎడమ చెయ్యే. దాన్ని నడుముకి కట్టేస్తే ఆవిడ కచేరీ ఏమవుతుందో ప్రవచనకర్తగారే చెప్పాలి.

ఎడమ చెయ్యి ఎందుకు అశుభమైందో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. కడిగే చెయ్యి గనక. కడిగే పని చేసిన మనుషుల్ని ఊరి బయట పెట్టిన బుద్ధే, ఒంటికున్న చేతిని కూడా వెలి వేసింది.

మా ఊరి బడిలో నా పక్కన కూర్చునే వాడొకడు పుట్టు ఎడమచేతి వాటం. పంతులు వాడి ఎడమ చేతి వేళ్ల మధ్య పెన్సిలు పెట్టి, పైనుంచి పిడికిలి బిగించి నొక్కేవాడు. వాడు కుడి చేత్తో రాస్తే అక్షరాలు కప్ప గెంతుల్లా వచ్చేవి. దానికి బెత్తం. ఎడమ చేత్తో ముత్యాల్లా రాస్తే, దానికీ బెత్తం. అలా కొట్టినాయన చెడ్డవాడేం కాదు, ఊళ్లో అందరూ దణ్ణం పెట్టే నిష్ఠాపరుడు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. అయిదో తరగతితో వాడు బడి మానేశాడు. ఇప్పుడు మంచి వడ్రంగి, సుత్తి ఎడమ చేత్తోనే పడతాడు. బ్యాంకులో సంతకం మాత్రం కుడి చేత్తో, వంకరటింకరగా. ఎందుకురా అంటే, "దెబ్బలు తిని నేర్చుకుంది అదొక్కటే గదరా" అని నవ్వుతాడు. నాకు నవ్వు రాదు.

సంప్రదాయం అంటున్నారు గనక సంప్రదాయం సంగతే చూద్దాం. విద్యారంభం అయిదో ఏట చెయ్యాలని ధర్మశాస్త్ర నిబంధన గ్రంథాలే రాసుకున్నాయి. 1823లో బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ అక్కడి తెలుగు, కన్నడ వీధి బడుల మీద మద్రాసు రెవెన్యూ బోర్డుకి నివేదిక పంపాడు. అందులోనూ పిల్లలు బడిలో చేరేది 5 ఏళ్లకే. ముందు బియ్యంలో వేలితో, తర్వాత ఇసుకలో వేలితో. అదే నివేదికలో ఇంకోటుంది. పొద్దున అందరికంటే ముందొచ్చిన వాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్నా. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చిన వాళ్లకి వరసగా ఒక్కొక్కటి ఎక్కువ. అమ్మవారికీ దెబ్బకీ చోటు పిల్లవాడి ఒంటి మీదే!

ఈనాటి భక్తులు అందులోంచి ఏరుకున్నది దెబ్బని. వదిలేసింది అయిదేళ్లు ఆగడాన్నీ, ఇసుకనీ. బియ్యంలో వేలు పెట్టి గీయడం పసిచేతికి హాయి. పట్టుకోవాల్సిందేమీ లేదు, నొక్కాల్సిందీ లేదు. ఆ హాయి ఒక్క పూట, అదీ గుళ్లో టికెట్టు కొనుక్కుని. మర్నాటి నుంచి ఎల్‌కేజీ కాపీ పుస్తకం, నాలుగు గీతల మధ్య అక్షరం ఇమడకపోతే డైరీలో ఎర్ర సిరా.

అసలు ఆ పసిచెయ్యి రాతకి సిద్ధమేనా? మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే. 3 ఏళ్లకి గట్టిపడడం మొదలయ్యేవి మూడో నాలుగో, ఏడోది మొదలయ్యేసరికి ఆరేడేళ్లు. 3 ఏళ్ల పిల్ల సున్నా చుట్టగలదు. కూడిక గుర్తు గీయడానికి 4 ఏళ్లు, త్రిభుజానికి 5 ఏళ్లు రావాలి. అలాంటి చేతిని పట్టుకుని మనం 'ఋ' రాయిస్తాం, 'ఘ' రాయిస్తాం. రాకపోతే మొద్దు అంటాం. ఆ వేళ్లకి పట్టు రావాలంటే మట్టి పిసకాలి, చింతగింజలు ఏరాలి, చపాతీ పిండి ముద్ద చెయ్యాలి. "మురికి, ముట్టుకోకు" అని అవన్నీ మాన్పించేదీ మనమే.

పిల్లలకి రాత కంటే ముందు బొమ్మలు గీయడం నేర్పాలని గాంధీ తన ఆత్మకథలో రాశాడు. 1909లో ఓడలో 'హింద్ స్వరాజ్' రాస్తూ, కుడి చెయ్యి నొప్పెడితే ఎడమ చేత్తో అందుకున్నాడు. సరస్వతి ఓడ దిగిపోయినట్టు దాఖలాలేమీ లేవు.

బడిలో పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. కానీ ఆ చట్టం లెక్కలో బాలలంటే 6 నుంచి 14 ఏళ్ల వాళ్లు. నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలు ఆ లెక్కలోకి రారు. కాబట్టి అమ్మానాన్నలూ, ఈ కాపలా మీరే కాయాలి. బడిలో చేర్పించేటప్పుడు ఫీజెంత, బస్సుందా అని అడుగుతారు కదా. పెన్సిలు ఎన్నో ఏట పట్టిస్తారో, ఎడమ చేత్తో రాస్తే ఏం చేస్తారో కూడా అడగండి. "మాన్పిస్తాం" అన్నారంటే ఆ బడి మీ పిల్లకి వద్దు.