ఆశ్రమమా, నివాసమా? వృద్ధుల వసతికి భూవినియోగ నిబంధనలు

ప్రత్యేక వ్యాసం : తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పరిశీలన

వృద్ధుల వసతి అనే మాటకు నేడు రెండు అర్థాలు ఉన్నవి. ఒకటి, ఆదరణ కరవైన వారి కొరకు ప్రభుత్వమో, ధర్మసంస్థలో నడిపే వృద్ధాశ్రమం. రెండవది, సొంత సొమ్ముతో ఇల్లు కొనుక్కొనో, డిపాజిట్టు చెల్లించో, భోజనం, వైద్యం, కాపలా వంటి సేవల నడుమ తోటి వయసు వారితో కలిసి ఉండే రిటైర్మెంట్ కమ్యూనిటీ. రెండింటిలో ఉండేవారు ఒకే వయసు వారు. అయితే పట్టణ ప్రణాళిక దృష్టిలో ఇవి రెండూ ఒకటి కావు. మొదటిది సంస్థ, రెండవది నివాసం. ఈ తేడాను అనుమతి ఇచ్చే దశలోనే తేల్చకపోతే ధర్మకార్యానికి ఉద్దేశించిన భూమి అమ్మకపు ప్లాట్లుగా మారే ప్రమాదం ఉన్నది. నడవలేని వృద్ధులు సాధారణ అపార్టుమెంటు భద్రతతోనే సరిపెట్టుకోవలసి వచ్చే ప్రమాదమూ ఉన్నది. కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలకు ఈ విషయం ప్రత్యేకించి వర్తిస్తుంది.

పెరుగుతున్న అవసరం

జాతీయ గణాంక కార్యాలయం 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్ జనాభాలో 60 ఏళ్లు దాటినవారు 2021లో 12.4 శాతం. 2031 నాటికి ఇది 16.4 శాతానికి చేరుతుందని అంచనా. కేరళ, తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్, పంజాబ్ రాష్ట్రాల తరువాత వృద్ధుల నిష్పత్తి అధికంగా ఉన్న రాష్ట్రాలలో మనది ఒకటి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే రాష్ట్రంలో సంతాన సాఫల్య రేటును 1.7గా నమోదు చేసింది. జనాభా స్థిరంగా ఉండుటకు అవసరమైన 2.1 కంటే ఇది బాగా తక్కువ. డెల్టా గ్రామాల నుంచి హైదరాబాదు, బెంగుళూరు, అమెరికాలకు వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అనేకం. పొలం, ఇల్లు ఇక్కడ ఉండగా పిల్లలు దూరాన ఉన్న తల్లిదండ్రులకు వసతితో పాటు సేవలు కూడా అవసరమవుతున్నవి.

వీరితో పాటు నెలకు 4,000 రూపాయల ఎన్టీఆర్ భరోసా పింఛను తప్ప మరో ఆధారం లేని వృద్ధులూ ఉన్నారు. భూవినియోగ నిబంధనలు ఈ ఇరు వర్గాలనూ దృష్టిలో ఉంచుకొనవలసి ఉన్నది.

నిర్వచనాలలోని తేడా

2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి కట్టడాలను వాటి వినియోగాన్ని బట్టి వర్గాలుగా విభజించినది. ఇళ్లు, హాస్టళ్లు, అపార్టుమెంట్లు 'ఏ' వర్గమైన నివాస భవనాలు. ఆసుపత్రులు, అనాథ శరణాలయాలు, వృద్ధులు మరియు అశక్తుల ఆశ్రమాలు 'సి' వర్గమైన సంస్థాగత భవనాలు. అగ్నిప్రమాదం సంభవించినపుడు తమంతట తాము మెట్లు దిగి బయటకు రాగలవారు ఉండే కట్టడానికి, మంచంతో సహా తరలించవలసిన వారు ఉండే కట్టడానికి భద్రతా ప్రమాణాలు ఒకటిగా ఉండజాలవన్నది ఈ విభజనకు ఆధారం. వరండాల వెడల్పు, నిష్క్రమణ మార్గాలు, ర్యాంపులు, లిఫ్టులు అన్నీ దీనిపైనే ఆధారపడి ఉంటవి. రాష్ట్రంలో 2017 మార్చి 28న 119వ నంబరు ఉత్తర్వు ద్వారా వెలువడిన భవన నిర్మాణ నిబంధనలు, ఆ తరువాతి సవరణలు అనుమతులకు ప్రాతిపదికగా ఉన్నవి.

భూమి విషయంలోనూ ఇదే తీరు. మాస్టర్ ప్లానులు పట్టణాన్ని నివాస, వాణిజ్య, పారిశ్రామిక, ప్రజోపయోగ, వ్యవసాయ మండలాలుగా విభజిస్తవి. కళాశాలలు, ఆసుపత్రులు, ఆశ్రమాలు వంటి వాటికి ప్రజోపయోగ మండలం ఉద్దేశించబడినది. 1945లో స్థాపితమైన బాపట్ల వ్యవసాయ కళాశాల ఇటువంటి సంస్థాగత వినియోగానికి తెలిసిన ఉదాహరణ.

రిటైర్మెంట్ కమ్యూనిటీ ఈ రెండు వర్గాల నడుమ నిలుస్తున్నది. అరవై రెండేళ్ల వయసులో ఆరోగ్యంగా చేరినవారికి అది ఇల్లు. ఎనభై రెండేళ్ల వయసులో మంచాన పడినపుడు అదే గది ఆసుపత్రి వార్డుగా మారుతుంది. కట్టడం మారదు, అందులోని మనిషి స్థితి మారుతుంది. కావున అనుమతి ఇచ్చునపుడు తొలిరోజు స్థితిని మాత్రమే కాక చివరి దశను కూడా లెక్కలోనికి తీసుకొనవలసి ఉన్నది. బోర్డుపై రాసిన పేరు కంటే నిర్వాహకులు ఇస్తామంటున్న సేవలే వర్గీకరణకు సరైన కొలమానం. ఇంటి విక్రయంతోనే బాధ్యత ముగిసే సముదాయం నివాసం. శయ్యాగతులకు నర్సింగ్ సేవ అందించుటకు ఒప్పుకొన్న భాగం సంస్థ.

మూడు పట్టణాలు, రెండు జిల్లాలు

2011 జనాభా లెక్కల ప్రకారం తెనాలి జనాభా సుమారు 1.65 లక్షలు, బాపట్ల 71 వేలు, రేపల్లె 51 వేలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో బాపట్ల జిల్లా కేంద్రమైనది. రేపల్లె ఆ జిల్లాలో చేరగా, తెనాలి గుంటూరు జిల్లాలోనే కొనసాగుచున్నది.

ప్రణాళికా సంస్థల పరిధులు కూడా మారినవి. 1978లో ఏర్పడిన వీజీటీఎం ఉడా పేరులోనే తెనాలి ఉన్నది. 2014 డిసెంబరులో రాజధాని ప్రాంత అభివృద్ధి ప్రాధికార సంస్థ, అనగా సీఆర్డీఏ, దాని స్థానంలోకి వచ్చినది. మధ్యలో కొన్ని ప్రాంతాలు పల్నాడు, బాపట్ల పట్టణాభివృద్ధి సంస్థలలో కలిసినవి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం సీఆర్డీఏ పరిధిని తిరిగి 8,352.69 చదరపు కిలోమీటర్లకు పునరుద్ధరించుటకు నిర్ణయించినది. ఫలితంగా పదేళ్లలో రెండుసార్లు సంస్థ మారిన గ్రామాలు ఉన్నవి. ఒక సర్వే నంబరులో వృద్ధుల సముదాయానికి దరఖాస్తు వచ్చినపుడు అది నేడు ఏ సంస్థ పరిధిలో ఉన్నది, ఏ ప్రణాళిక పటం వర్తిస్తుంది అన్నవి ముందుగా తేలవలసిన ప్రశ్నలు.

ధర్మసంస్థల భూమి, ప్రభుత్వ భూమి

సత్రాలు, దేవాలయాలు, విద్యా ధర్మసంస్థల కొరకు దాతలు ఇచ్చిన భూములు ఈ ప్రాంతంలో ఉన్నవి. 1987 నాటి ధార్మిక, దేవాదాయ చట్టం పరిధిలోని స్థిరాస్తిని అన్యాక్రాంతం చేయుటకు ఆ చట్టంలోని 80వ సెక్షన్ ప్రకారం ముందస్తు మంజూరు తప్పనిసరి. ప్రభుత్వ భూముల కేటాయింపునకు 2012 సెప్టెంబరు 14న రెవెన్యూ శాఖ జారీ చేసిన 571వ నంబరు ఉత్తర్వు విధానాన్ని నిర్దేశించినది. భూమిలేని పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూముల బదలాయింపును 1977 నాటి చట్టం నియంత్రిస్తున్నది.

ఆశ్రమం పేరుతో పొందిన స్థలంలో కొంత భాగాన్ని ఇళ్లుగా విక్రయిస్తే దాత ఉద్దేశం నెరవేరదు. పైగా సంస్థాగత వినియోగానికి తక్కువ ధరకు లభించిన భూమిపై నివాస లాభం ప్రైవేటుకు చేరుతుంది. అదే సమయంలో నిజమైన సేవాసంస్థను వ్యాపార సంస్థగా భావించి నివాస భవన రుసుములన్నీ వసూలు చేస్తే సేవకు ముందుకు వచ్చేవారు వెనుకంజ వేస్తారు. వినియోగ షరతును అనుమతి పత్రంతో పాటు భూమి రికార్డులోనూ నమోదు చేసినపుడు ఈ రెండు ఇబ్బందులకూ పరిష్కారం లభిస్తుంది.

వరి పొలం, వరద, తీరం

పట్టణంలో స్థలం ధర అధికమైనందున పెద్ద సముదాయాలు సహజంగానే శివారు పొలాల వైపు చూస్తవి. 2006 నాటి వ్యవసాయ భూమి మార్పిడి చట్టాన్ని రద్దు చేయాలని రాష్ట్ర ప్రభుత్వం 2025లో నిర్ణయించినది. దీనివలన రెవెన్యూ దశలో జాప్యం తగ్గుతుంది. అయితే మాస్టర్ ప్లానులో వ్యవసాయ మండలంగా చూపిన భూమి దీనితో నివాస మండలం కాజాలదు. 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం వర్తించే చోట్ల ప్రణాళిక మార్పునకు 12వ సెక్షన్ కింద ప్రభుత్వ ఉత్తర్వు, ప్రజాభ్యంతరాల స్వీకరణ అవసరం. కాలువ నీటితో పండే భూమిలో ఒక సముదాయానికి ఇచ్చిన మినహాయింపు పక్క పొలం మురుగు పారుదలపై ప్రభావం చూపుతుంది. రైతుల అభ్యంతరాలను వినుటకు ఇదే తగిన దశ.

వరద విషయం ఇంకా ముఖ్యమైనది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు విడుదలైనది. నదీతీర లంక గ్రామాలు ముంపునకు గురైనవి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమతో పాటు ఈ తీరానికీ మరపురాని గాయం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటినది. సాధారణ కాలనీ ప్రజలను బస్సులలో తరలించవచ్చును. ఆక్సిజన్ సిలిండరు, చక్రాల కుర్చీ అవసరమైన నూరు మందిని రాత్రివేళ తరలించుట వేరు పని.

సముద్రపు గాలి, ప్రశాంతత దృష్ట్యా బాపట్ల సమీపంలోని సూర్యలంక, రేపల్లె ప్రాంతంలోని నిజాంపట్నం తీరాలు ఆకర్షణీయమైనవే. కాని 2019 తీర నియంత్రణ ప్రకటన ప్రకారం గ్రామీణ తీరంలో పోటు రేఖ నుంచి 200 మీటర్ల వరకు నిర్మాణ నిషేధ ప్రాంతం. 2011 లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 కంటే అధిక జనసాంద్రత ఉన్న చోట ఇది 50 మీటర్లు. తీర మండల నిర్వహణ ప్రణాళిక ఆమోదం పొందిన తరువాతనే ఆ సడలింపు వర్తిస్తుంది. దూరం నిబంధన పాటించినంత మాత్రాన వృద్ధులకు భద్రత సమకూరదు. ఎత్తైన నేల, అంబులెన్సు వెళ్లగల రోడ్డు, ఆసుపత్రికి పట్టే సమయం కూడా చూడవలసి ఉన్నది. తెనాలిలో జిల్లా ఆసుపత్రి ఉన్నది. రేపల్లె నుంచి అక్కడికి సుమారు 35 కిలోమీటర్లు. గుండెపోటు వచ్చిన వృద్ధునికి ఈ దూరమే ప్రధానమవుతుంది.

కొనుగోలుదారులకు రక్షణ

కేంద్ర గృహ నిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2019లో రిటైర్మెంట్ గృహాలకు నమూనా మార్గదర్శకాలు వెలువరించినది. నిర్మాణదారు, సేవల నిర్వాహకుడు, కొనుగోలుదారు మధ్య త్రైపాక్షిక ఒప్పందం, జారని నేల, అడ్డంకులు లేని నడక మార్గాలు, అత్యవసర వైద్య ఏర్పాట్లు వీటిలో ముఖ్యమైనవి. ఇవి నమూనాలు మాత్రమే. రాష్ట్రం తన నిబంధనలలో చేర్చుకొన్నపుడే వీటికి బలం చేకూరుతుంది.

500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో లేదా ఎనిమిదికి మించిన ఇళ్లతో విక్రయానికి వచ్చే ప్రాజెక్టు రెరా కింద నమోదు కావలసి ఉన్నది. అయితే రెరా ప్రధానంగా విక్రయానికి సంబంధించిన చట్టం. తిరిగి చెల్లించే డిపాజిట్టు తీసుకొని గది ఇచ్చే పద్ధతిలో విక్రయం ఉండదు. జీవితకాల పొదుపును డిపాజిట్టుగా చెల్లించిన వృద్ధులు సంస్థ మూతపడితే ఎవరిని ఆశ్రయించాలన్న ప్రశ్నకు సమాధానం ఒప్పంద పత్రంలోనే ఉండాలి.

నిరుపేద వృద్ధుల మాట

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాలను దశలవారీగా నెలకొల్పుటకు రాష్ట్రాలకు వీలు కల్పించినది. 'నెలకొల్పవచ్చును' అన్నదే చట్టంలోని మాట. జిల్లాల వారీగా ఆశ్రమాల వివరాలు సేకరించాలని సుప్రీంకోర్టు 2018 డిసెంబరు 13న కేంద్రాన్ని ఆదేశించినది. బాపట్ల కొత్త జిల్లా అయినందున ఈ లెక్క దానికీ విడిగా వర్తిస్తుంది. ప్రణాళిక పటంలో అటువంటి ఆశ్రమానికి స్థలం ముందే గుర్తించకపోతే, నిధులు వచ్చిన రోజున మిగిలేది ఊరికి దూరాన ఉన్న పల్లపు భూమే.

చేయదగినవి

మూడు పట్టణాల ప్రణాళికలను సవరించే సందర్భంలో కొన్ని అంశాలు పరిశీలనార్హమైనవి. వృద్ధుల సముదాయాన్ని అందించే సేవలను బట్టి నిర్వచించుట, ఇళ్ల భాగాన్ని నివాసంగాను, నర్సింగ్ భాగాన్ని సంస్థగాను తొలి ప్లానులోనే విడదీసి చూపుట, నర్సింగ్ భాగాన్ని తరువాత విక్రయించరాదన్న షరతును రికార్డులో నమోదు చేయుట, స్థల పరిశీలనలో ముంపు ఎత్తు, ఆసుపత్రి దూరం, తుపాను తరలింపు పథకాలను చేర్చుట వీటిలో ముఖ్యమైనవి. ఇందుకు కొత్త చట్టం అవసరం లేదు. పురపాలక, రెవెన్యూ, వయోవృద్ధుల సంక్షేమ, విపత్తు నిర్వహణ శాఖలు ఒకే దరఖాస్తును కలిసి పరిశీలించిన చాలును.

పత్రికా ప్రతినిధులు కూడా ఇటువంటి ప్రాజెక్టు ప్రకటన వెలువడినపుడు నాలుగు పత్రాలు కోరవచ్చును. ఆ సర్వే నంబరు మండల ధ్రువీకరణ, భూమి మూల దస్తావేజు, రెరా నమోదు లేదా మినహాయింపునకు ఆధారం, సేవల ఒప్పంద నమూనా. ఈ నాలుగూ పరస్పరం సరిపోలినపుడు అది ఆశ్రమమో, నివాసమో వెల్లడవుతుంది. సరిపోలని పక్షంలో ఆ విషయం వృద్ధులు సొమ్ము చెల్లించుటకు ముందే ప్రజలకు తెలియవలసి ఉన్నది.