మీటరు ఎవరి పేరున ఉంది?

"సొంత ఇల్లేనా? కాగితాలున్నాయా?"

సౌర విద్యుత్తు గురించి మా బస్తీలో జరిగిన సమావేశంలో, వచ్చినాయన అడిగిన మొదటి ప్రశ్న ఇది. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. సగంమందిమి అద్దెకుంటున్నవాళ్ళం. మిగిలినవాళ్ళ ఇళ్ళు భర్త పేరునో, మామ పేరునో ఉన్నాయి. సమావేశం అక్కడితో అయిపోయినట్టే.

2024లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్ళు. మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ. బాగానే ఉంది. కానీ సొంత ఇల్లు, సొంత కప్పు ఉన్నవాళ్ళకే అది. కొనే సరుకుల మీద పన్ను కట్టే అద్దె ఇంటి మనిషికి అందులో వాటా లేదు.

అందుకే కరెంటు స్థానిక ప్రజల సొంతం కావాలని కొందరంటున్నారు. నేనూ అంటాను. ఛార్జీల పెంపును ఎదిరించినవాళ్ళపై 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిపి ముగ్గురిని చంపారు. ధర నిర్ణయించే చోట మనకు చోటు లేకపోతే ఏమవుతుందో ఆనాడు చూశాం. అయితే నా ప్రశ్న ఒక్కటే. "ప్రజలు" అంటే ఎవరు?

సహకార విద్యుత్తు మనకు కొత్త కాదు. సిరిసిల్లలో 1970 నుంచి కరెంటు పంపిణీ చేస్తున్నది వినియోగదారుల సహకార సంఘమే. పాలకవర్గాన్ని సభ్యులు ఓట్లేసి ఎన్నుకుంటారు. గొప్ప విషయమే. కానీ వినియోగదారు అంటే బిల్లు మీద పేరున్న మనిషి. మన ఇళ్ళల్లో ఆ పేరు ఎక్కువగా మగవాడిదే. ఆ లైటు కింద కూర్చుని బీడీలు చుట్టేది ఆమె, ఓటు అతనిది!

"ముందు సంఘం పెట్టుకుందాం, ఆడవాళ్ళ సంగతి తర్వాత చూద్దాం" అంటారు మన మిత్రులు. భూమి పట్టాలప్పుడూ ఈ మాటే విన్నాం. పట్టాలు ఎవరి పేరున వచ్చాయో అందరికీ తెలుసు. మహిళా సంఘాల పేరున అప్పులివ్వడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. యాజమాన్యం దగ్గరకొచ్చేసరికే ఇంటి కాగితాలు గుర్తొస్తాయి.

కప్పు లేనివాళ్ళు యజమానులెలా అవుతారు అనడం వట్టి సాకు. లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో 2012లో ప్రభుత్వ అద్దె ఇళ్ళ సముదాయం కప్పు మీద సహకార సంఘం సౌర పలకలు పెట్టింది. ఒకచోట తయారైన కరెంటును పలువురి బిల్లుల్లో తగ్గించే పద్ధతికి ఢిల్లీలో 2019లోనే మార్గదర్శకాలు వచ్చాయి. దారి ఉంది, నడిపించే ఉద్దేశమే లేదు.

కాబట్టి మనం అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. బడి, అంగన్‌వాడీ, కమ్యూనిటీ హాలు, కూరగాయల మార్కెట్టు కప్పుల్ని బస్తీ సంఘాలకు కేటాయించాలని పట్టణ ప్రణాళికలోనే రాయాలి. సభ్యత్వం మీటరును బట్టి కాక నివాసాన్ని బట్టి ఉండాలి. ఇంటికొక ఓటు కాదు, మనిషికొక ఓటు. పాలకవర్గంలో సగం స్త్రీలు ఉండాలి. అద్దెకున్నవాళ్ళ బిల్లులోనూ యూనిట్లు తగ్గాలి.

ఇవి లేకుండా "ప్రజల కరెంటు" అంటే కప్పున్న మగవాళ్ళ కరెంటే. దానికోసం మనం జెండాలు మోయనక్కర్లేదు.