లోవెల్ మిల్లు అమ్మాయిలూ, వాళ్ళ పత్రికా

పారిశ్రామిక విప్లవం వచ్చి పాశ్చాత్య దేశాల స్త్రీకి ఆర్థిక స్వాతంత్ర్యం ఇచ్చిందని మనమంతా పరీక్షల్లో రాసినవాళ్ళమే. మార్కులు కూడా వచ్చాయి. ఆ మాట సగమే నిజమని నా అభిప్రాయం. మిగతా సగం తెలియాలంటే అమెరికాలోని ఒక హాస్టల్ సంగతి చెప్పుకోవాలి. అవును, హాస్టలే. ఈ సంచిక కోసం ఈ విషయం ఎంచుకున్నది అందుకే.

యంత్రాలు రాకముందు నూలు వడకడం ఇంటి ఆడవాళ్ళ పని. ఇంగ్లీషులో పెళ్ళికాని స్త్రీని స్పిన్‌స్టర్ అంటారే, ఆ మాటకు అసలు అర్థం నూలు వడికే మనిషి అనే. మిల్లులు వచ్చాక ఆ పని ఇల్లు దాటిపోయింది. బోస్టన్ వ్యాపారి ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ 1810-12 మధ్య ఇంగ్లండు వెళ్ళి అక్కడి మరమగ్గాలను కంటితో చూసి, బుర్రలో పెట్టుకొని వచ్చాడు. 1814లో వాల్తాం అనే ఊళ్ళో మిల్లు నడిపించాడు. 1817లో ఆయన చనిపోయాక భాగస్వాములు మెర్రిమాక్ నది ఒడ్డున ఏకంగా ఒక మిల్లుల పట్టణమే కట్టి దానికి ఆయన పేరు పెట్టారు.

ఆ మిల్లులకు పనివాళ్ళు కావాలి. చుట్టుపక్కల పల్లెల్లో రైతుల కూతుళ్ళున్నారు. మగవాళ్ళకంటే తక్కువ జీతానికి వస్తారు. కానీ పెళ్ళికాని పిల్లను పట్నం పంపడానికి తల్లిదండ్రులు ఒప్పుకోవాలి కదా! అందుకని కంపెనీలే బోర్డింగ్ హౌసులు కట్టించాయి. ఒక్కో ఇంటికి ఒక పెద్దావిడ, మన భాషలో మేట్రన్. గదికి నలుగురు, ఆరుగురు, మంచానికి ఇద్దరు. రాత్రి పదికి తలుపులు మూయాలి. ఆదివారం చర్చికి వెళ్ళి తీరాలి. నడత బాగాలేదని రాసి పంపిస్తే మరో మిల్లులో పని దొరకదు. లేవడానికి గంట, పనికి గంట, భోజనానికి గంట. వారానికి 73 గంటల దాకా పని. జీతం మూడు డాలర్లకు కాస్త అటూ ఇటూ, అందులో ఒకటింబావు డాలరు భోజనానికీ బసకూ పోయేది.

ఇంత చేసినా ఆ డబ్బు మొదటిసారి వాళ్ళ చేతికే వచ్చింది. బ్యాంకులో తమ పేరున దాచుకున్నారు. చిన్నప్పుడే మిల్లులో చేరిన హారియెట్ హాన్సన్ రాబిన్సన్ పెద్దయ్యాక 1898లో అచ్చువేసిన పుస్తకంలో, అన్నదమ్ముల కాలేజీ చదువు కోసం ఎంతోమంది కష్టపడ్డారని రాసింది. అయితే థామస్ డబ్లిన్ అనే చరిత్రకారుడు 1979లో తెచ్చిన పుస్తకంలో, చాలామంది ఆ డబ్బు తమ కోసమే ఉంచుకున్నారని చూపించాడు. నాకైతే ఈ రెండోది చదివాకే సంతోషం వేసింది. అక్క త్యాగం చేస్తేనే మనకు కథ నచ్చుతుంది మరి! పెళ్ళయితే మాత్రం ఆ సంపాదన మీద చట్టప్రకారం హక్కు భర్తది. మసాచుసెట్స్‌లో ఆ చట్టం మారింది 1855లో.

మిల్లులోకి పుస్తకం తేకూడదు. అందుకని పత్రికల్లోంచి కత్తిరించిన కాగితాలు కిటికీ పక్కన అంటించుకొని, మగ్గం చూస్తూనే చదువుకునేవారు. 1834లో జీతాలు తగ్గిస్తామంటే 800 మంది దాకా పని ఆపి బయటికొచ్చారు. ఆ సమ్మె ఓడిపోయింది. 1836లో బోర్డింగ్ చార్జీ పెంచినప్పుడు మళ్ళీ వచ్చారు. మనం మెస్ చార్జీలు పెంచమని ధర్నా చేస్తాం, వాళ్ళు పెంచొద్దని చేశారు, అంతే తేడా. ఈసారి కొన్ని కంపెనీలు కొంత వెనక్కి తగ్గాయి. పైన చెప్పిన హారియెట్‌కు అప్పుడు పదకొండేళ్ళు. పెద్దవాళ్ళు వెళ్దామా వద్దా అని తటపటాయిస్తుంటే తనే ముందు నడిచింది. ఆమె తల్లి ఒక బోర్డింగ్ హౌసు చూసుకునేది. కూతురిని ఆపలేకపోయావని ఆమెను తీసేశారు.

ఇలాంటి చోటనే 1840లో 'లోవెల్ ఆఫరింగ్' అనే పత్రిక పుట్టింది. రాసింది మిల్లు అమ్మాయిలే. 1842లో ఊరు చూడవచ్చిన చార్లెస్ డికెన్స్ ఆ పత్రిక నాలుగు వందల పేజీలు చదివి మెచ్చుకున్నాడు. కానీ జీతాల సంగతి, పని గంటల సంగతి అందులో రావడం అరుదు. పది గంటల పనిదినం కోసం సంఘం పెట్టిన సారా బాగ్లీ, తన వ్యాసాలను ఆ పత్రిక తిప్పికొట్టిందని 1845 జూలైలో సభలోనే చెప్పింది. సంపాదకురాలు హారియెట్ ఫార్లీ కూడా మిల్లులో పనిచేసిన మనిషే. మిల్లు పిల్లలకు మెదడుందని లోకానికి చూపించాలన్నదే ఆమె తపన. బాగ్లీ ఆ ఏడాదే శాసనసభ కమిటీ ముందు సాక్ష్యం చెప్పింది. ఇందులో మేం జోక్యం చేసుకోలేమని కమిటీ తేల్చేసింది. స్త్రీలకూ పిల్లలకూ పది గంటల చట్టం వచ్చేసరికి 1874 అయింది. 'ఆఫరింగ్' మాత్రం 1845 చివరికల్లా ఆగిపోయింది.

ఇంకొక మాట. లోవెల్ మగ్గాల మీదికి వచ్చిన పత్తి దక్షిణాది తోటల్లో బానిసలు ఏరినది. అక్కడ నేసిన ముతక బట్ట కొంత మళ్ళీ ఆ బానిసల ఒంటి మీదికే వెళ్ళేది. పత్తి ఏరిన ఆ స్త్రీకి జీతం లేదు, కన్నబిడ్డ కూడా తనది కాదు. మిల్లు అమ్మాయిల్లో కొందరు బానిసత్వానికి వ్యతిరేకంగా అర్జీల మీద సంతకాలు చేశారన్నదీ నిజమే. పరిశ్రమ స్త్రీకి స్వేచ్ఛ ఇచ్చిందని రాసేటప్పుడు ఏ స్త్రీకి అని అడగకపోతే మనలాంటివాళ్ళం ఇక చరిత్ర చదివి ఏం లాభం? నా లెక్కలో యంత్రం ఇచ్చింది కూలి మాత్రమే. ఆలోచన వచ్చింది మాత్రం ఒకే మంచం మీద పడుకున్న ఇద్దరు అమ్మాయిలు రాత్రి పదిన్నరకు గుసగుసగా మాట్లాడుకున్నందువల్ల.

ఫార్లీని నేను తప్పు పట్టలేను. హాస్టల్ పిల్లలంటే చిన్నచూపు చూసేవాళ్ళకు మన ర్యాంకులు, మన కవితలు చూపించాలనే మనకూ ఉంటుంది. ఇది రాసే ముందు మన పాత వార్షికోత్సవ సంచికలు తిరగేశాను. నేను పదో తరగతి చదివిన ఏడాది సంచికలో పెద్దల సందేశాలున్నాయి, ఫస్ట్ క్లాసు వచ్చినవాళ్ళ ఫొటోలున్నాయి. ఆ వేసవిలో బోరు ఎండిపోయి రెండు నెలలు మేం బకెట్లు పట్టుకొని చెరువు దాకా నడిచాం. ఆ సంగతి ఎక్కడా లేదు. నా రచన పదకొండో పేజీలో ఉంది. వెన్నెల మీద.