మూపురం లేని ఒంటె

గాషియా సూరా పాఠం చెబుతున్న రోజున, ఒంటె సృష్టిని గమనించమన్న వాక్యం దగ్గర ఒక విద్యార్థి లేచి నిలబడ్డాడు. "హజ్రత్, ఒంటెలు ఎడారిలోనే ఉంటాయా? కొండల మీద ఉండవా?" అని అడిగాడు. "ఉంటాయి నాయనా, కాని వాటికి మూపురం ఉండదు, పేరు కూడా వేరు" అన్నాను. తరగతి అంతా నవ్వింది. నేను పరిహాసమాడుతున్నానని వారి భావన. ఆ రోజు సమయం చాలక వదిలేసిన సంగతిని ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాను.

ఆ జంతువు పేరు లామా. దక్షిణ అమెరికా పశ్చిమ తీరం పొడవునా సాగే ఆండీస్ పర్వతాలు దాని స్వస్థలం. నిజానికి ఒంటె వంశం మొదట రూపుదిద్దుకున్నది అరేబియాలోనో ఆఫ్రికాలోనో కాదు, ఉత్తర అమెరికాలో. లక్షల సంవత్సరాల క్రితం ఒక శాఖ ఉత్తరపు భూమార్గం గుండా ఆసియాకు చేరి ఒంటెగా మారింది. మరో శాఖ దక్షిణానికి దిగి పర్వతాలెక్కింది. పుట్టినింట మాత్రం ఆ వంశం సుమారు పది వేల ఏళ్ల క్రితమే అంతరించింది. గ్వానాకో అనే అడవి జంతువును మచ్చిక చేసి ఆండీస్ ప్రజలు లామాను పొందారు. మెత్తని ఉన్నికి పేరొందిన అల్పాకా దీనికి చిన్న చెల్లెలి వంటిది.

మూపురం లేకపోయినా చుట్టరికం దాగదు. చీలిన పై పెదవి, నెమరువేత, రెండు వేళ్ల కింద మెత్తని పాదం, మోకాళ్లు మడిచి కూర్చునే తీరు అన్నీ ఒంటెవే. నాలుగు వేల మీటర్ల ఎత్తున గాలి పలుచన. అక్కడికి వెళ్లిన మనిషికి నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. లామా రక్తం ఆ కొద్దిపాటి ప్రాణవాయువునే గట్టిగా పట్టుకొంటుంది. మన ఎర్ర రక్తకణాలు గుండ్రనివి, దాని కణాలు కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి.

రక్తం మాట వచ్చింది కనుక ఇంకొకటి. రోగాలతో పోరాడే ప్రతిరక్షకాలు సాధారణంగా రెండు రకాల గొలుసులతో నిర్మితమై ఉంటాయి. ఒంటె రక్తంలో ఒకే రకం గొలుసుతో ఏర్పడిన ప్రతిరక్షకాలు కూడా ఉన్నాయని బ్రస్సెల్స్ శాస్త్రవేత్తలు 1993లో ప్రకటించారు. లామాలోనూ అంతే. వాటి నుంచి తీసిన అతి చిన్న భాగం పెద్ద ప్రతిరక్షకాలు చొరలేని సందుల్లోకి చొరబడగలదు. సన్నని రక్తనాళాల్లో గడ్డలు కట్టే ఒక అరుదైన వ్యాధికి ఈ మార్గంలో తయారైన ఔషధాన్ని 2018లో ఐరోపాలో అనుమతించారు.

లామా అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఉమ్మడం. ఇది కొంత అపవాదే. మేత దగ్గరా, మందలో పెద్దరికం దగ్గరా అవి ఒకదానిపై ఒకటి ఉమ్ముకొంటాయి. సరిగా పెంచిన లామా మనిషి మీద ఉమ్మడం అరుదు. సన్నని గొంతుతో మూలుగుతున్నట్లు మాట్లాడుకొంటాయి. తల్లి పదకొండున్నర నెలలు మోసి ఒకే పిల్లను కంటుంది. అదీ సాధారణంగా పగటి పూట, ఎండ ఉండగానే. ఆ చలిలో రాత్రి పుట్టిన తడి పిల్ల బతకడం కష్టం. ఆవులా తల్లి పిల్లను నాకి ఆరబెట్టదు, దాని నాలుక అంత బయటికి రాదు. పక్కన నిలబడి సన్నగా పలుకుతూ ఉంటుంది, అంతే.

అయితే ఆ విద్యార్థికి చెప్పవలసిన అసలు సంగతి బరువు గురించినది. మగ లామా పాతిక నుంచి ముప్పై అయిదు కిలోల బరువుతో రోజుకు పదిహేను, ఇరవై కిలోమీటర్లు నడుస్తుంది. దారిలో దొరికిన గడ్డి చాలు. బరువు మితిమీరితేనో, అలసిపోతేనో కాళ్లు మడిచి కూర్చుంటుంది. కొట్టినా, తిట్టినా, లాగినా లేవదు. పెద్ద మనుషులు స్వారీ చేయడానికి అసలు పనికిరాదు.

గుర్రం, ఎద్దు, బండి చక్రం ఏవీ లేని ఇంకా పాలకులు ఈ జంతువునే నమ్ముకొన్నారు. మందల లెక్కలు ముడులు వేసిన తాళ్లలో భద్రపరిచేవారు. ముతక ఉన్నితో గోనెలు, తాళ్లు అల్లేవారు. చెట్లు లేని ఆ ఎత్తులో పొయ్యిలోకి ఎండిన పేడే కట్టె. మంద అంతా ఒకే చోట పేడ వేస్తుంది కనుక ఏరుకోవడం సులువు. మాంసాన్ని ఎండకూ మంచుకూ ఆరబెట్టి నిల్వ చేసేవారు. దానికి వారు పెట్టుకొన్న చార్కి అన్న పేరే ఆంగ్లంలో జెర్కీ అయింది.

1532లో స్పెయిన్ సైనికులు వచ్చారు. తల్లి వైపు ఇంకా వంశీయుడైన గార్సిలాసో దె లా వేగా 1609లో ప్రచురించిన చరిత్రలో 1544-45లో వచ్చిన గజ్జి తెగులు గురించి రాశాడు. మందల్లో మూడింట రెండు వంతులు పోయాయని ఆయన లెక్క. సరిగ్గా 1545లోనే పొటోసీలో వెండి కొండ బయటపడింది. మిగిలిన లామాల వీపుల మీదికి ఖనిజం ఎక్కింది, వెండి దిమ్మలతో సముద్ర తీరం దాకా నడిపించారు. కూర్చుండిపోయే జంతువుతో వేగిరపడే యజమానికి పొసగదు. క్రమంగా కంచరగాడిదలు వచ్చి ఆ పనిని తీసుకొన్నాయి. గని లోపల మోసిన స్థానిక ప్రజలకు మాత్రం కూర్చునే వీలు లేకపోయింది.

నేడు లామాలు అత్యధికంగా ఉన్న దేశం బొలీవియా. అక్కడి ఉయూనీ ఉప్పు మైదానం నుంచి ఉప్పు దిమ్మలు మోసుకొని, చెవులకు రంగుల ఉన్ని కుచ్చులు కట్టుకొని లామాల బారులు వారాల తరబడి నడిచి లోయలకు దిగేవి. అక్కడ ఉప్పు ఇచ్చి మొక్కజొన్న తెచ్చుకొనేవారు, డబ్బు చేతులు మారేది కాదు. ముందు నడిచే లామా మెడలో గంట ఉండేది. ఏ వాగు దగ్గర నీరుంటుందో, ఏ వాలులో గడ్డి మిగిలి ఉంటుందో కాపరికి తండ్రి నేర్పేవాడు. రోడ్లు పడ్డాక అదే ఉప్పును లారీ ఒకటి రెండు రోజుల్లో దించివస్తోంది. చాలా ఇళ్లలో ఇప్పుడు లామాను మాంసానికీ, ఉన్నికీ పెంచుతున్నారు. ఆ దారులు తెలిసినవారు ముసలివారయ్యారు.