కుప్ప పైన చూసి ధర కట్టలేం

2025 జూన్ 29న నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం తెరుచుకుంది. ఆర్మూరు, బాల్కొండ రైతులు ఏళ్ల తరబడి అడిగి సాధించుకున్న బోర్డు అది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నూట డెబ్భై మందికి పైగా రైతులు పోటీలో నిలబడటానికి ఈ డిమాండే ముఖ్య కారణం. అదే జూన్ 29 జాతీయ గణాంక దినోత్సవం కూడా. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పుట్టినరోజును 2007 నుంచి దేశం అలా జరుపుకుంటోంది. రెండూ ఒకే రోజున పడటం కాకతాళీయమే. అయినా ఈ పసుపు నేల మీద గణాంకాల గురించి, మరీ ముఖ్యంగా వైద్య సిబ్బందికి పరిశోధన పద్ధతులు నేర్పే స్వల్పకాలిక కోర్సుల గురించి మాట్లాడుకోవడానికి ఇంతకన్నా తగిన సందర్భం లేదు.

ఆర్మూరు పసుపు చేరే నిజామాబాద్ యార్డులో ఖరీదుదారు కుప్ప పైనున్న నాలుగు కొమ్ములు చూసి ధర చెప్పడు. లోపలికి చెయ్యి పోనిచ్చి కొమ్ము తీస్తాడు, విరుస్తాడు, రంగు చూస్తాడు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు పెద్దలు. గిన్నె అంతా ఒకేలా ఉడికితేనే ఆ మాట నిజం. అడుగున మాడి, పైన పలుకుగా ఉంటే ఒక్క మెతుకు మోసం చేస్తుంది. శాంపిల్ శాస్త్రమంతా ఈ జాగ్రత్తలోనే ఉంది. ‘ఈ మందు నా దగ్గర బాగా పనిచేసింది’ అనే డాక్టరు చూసింది తిరిగి తన దగ్గరికి వచ్చిన రోగులనే. తగ్గక వేరే ఆసుపత్రికి పోయినవాళ్లు, చార్జీలకు డబ్బుల్లేక ఆగిపోయినవాళ్లు, మధ్యలో గల్ఫ్‌కు వెళ్లిపోయినవాళ్లు ఆ లెక్కలో లేరు. ఆయన చెప్పింది అబద్ధం కాదు, కుప్ప పైభాగం మాత్రమే.

పసుపు మీద జరిగిన పరిశోధనే దీనికి మంచి పాఠం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1992లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏళ్లుగా పొగతాగుతున్న 16 మందికి రోజూ ఒకటిన్నర గ్రాముల పసుపు 30 రోజులు ఇచ్చారు. జన్యువులకు హాని చేసే పదార్థాలు వాళ్ల మూత్రంలో గణనీయంగా తగ్గాయి. పోల్చి చూసిన ఆరుగురు పొగతాగనివారిలో మార్పు లేదు. బీడీల మీద వేల కుటుంబాలు బతికే నిజామాబాద్ జిల్లాకు ఇది ఆశ పుట్టించే కబురే. దీన్ని ‘పసుపు క్యాన్సర్‌ను ఆపుతుంది’ అని చదివితే మాత్రం పొరపాటు. కొలిచింది మూత్రంలోని పదార్థాలను, క్యాన్సర్‌ను కాదు. చూసింది 16 మందిని. పసుపు తీసుకోని పొగతాగేవాళ్లతో పోలిస్తే రుజువుకు బలం ఇంకా పెరిగేది. తొలి అడుగుగా అది విలువైన పని. తొలి అడుగును గమ్యమనుకోకుండా ఆపేదే పరిశోధన పద్ధతుల చదువు.

1998లో బెంగళూరు శాస్త్రవేత్తలు మిరియాల్లోని పైపెరిన్ తోడైతే పసుపులోని కర్కుమిన్ మనిషి ఒంటికి అందడం 2000 శాతం పెరిగిందని చూపారు. ఆ అంకె ఇప్పుడు ఎన్నో మాత్రల డబ్బాల మీద మెరుస్తోంది. కర్కుమిన్ ఒంటరిగా రక్తంలోకి చేరేది లేశమాత్రమే. లేశానికి ఇరవై రెట్లు కలిసినా అది కొద్దిపాటే. దేని మీద ఎంత శాతం అని అడగడం తెలిసిన ఫార్మసిస్టు ఆ డబ్బాను వేరేగా చదువుతాడు. 2017లో వచ్చిన ఒక సమీక్ష కర్కుమిన్ మీద 120కి పైగా క్లినికల్ ప్రయోగాలను లెక్కలోకి తీసుకుని, పకడ్బందీగా జరిగిన ఏ ఒక్కటీ విజయవంతం కాలేదని తేల్చింది. పసుపు మీద ప్రేమ ఉన్నవాళ్లే ఈ మాట ముందుగా వినాలి.

ఈ చదువు మన దేశంలో లేదని కాదు. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ బయోమెడికల్ పరిశోధనలో ప్రాథమిక కోర్సును ఆన్‌లైన్లో నడుపుతోంది. 2019 నుంచి వైద్య కళాశాలల పీజీ విద్యార్థులకు, అధ్యాపకులకు అది తప్పనిసరి అయింది. మంచి నిర్ణయమే. అయితే తప్పనిసరి కాగానే చదువు సర్టిఫికెట్‌గా కుదించుకుపోయే ప్రమాదం ఉంది. అంతకన్నా పెద్ద లోపం, ఆ తప్పనిసరి గీత కళాశాల గేటు దగ్గరే ఆగిపోవడం. ఆర్మూరు ఏరియా ఆసుపత్రి డాక్టరు, స్టాఫ్ నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, పల్లె దవాఖాన ఏఎన్ఎం, ఆశ కార్యకర్త ఆ గీత బయటే ఉన్నారు. ఊరి ఆరోగ్యం గురించిన అంకెలు పుట్టేది వాళ్ల చేతుల్లోనే. బీపీ, షుగర్, హిమోగ్లోబిన్, పుట్టిన బిడ్డ బరువు రాసేది వాళ్లే. ఆ అంకెలు నివేదికలై పైకి పోతాయి. రాసిన మనిషికి వాటిని ప్రశ్నించడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

ప్రశ్నలకు ఇక్కడ కొదవలేదు. పసుపు పాలిష్ పట్టే సీజన్లో దుమ్ములో నిలబడే కూలీల ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి? బీడీలు చుట్టే తల్లుల బిడ్డల బరువు మిగతా బిడ్డలతో పోలిస్తే ఎంత? గల్ఫ్ ఎండల్లో పనిచేసి తిరిగొచ్చినవాళ్ల మూత్రపిండాల సంగతేమిటి? వీటికి జవాబు వెతకడానికి మొదట కావలసింది ఖరీదైన యంత్రం కాదు. ఎవరిని లెక్కించాలి, ఎవరితో పోల్చాలి అన్న తెలివిడి.

బంగ్లాదేశ్ అనుభవం చూడండి. అక్కడి పల్లెల్లో గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉందని గమనించిన పరిశోధకులు, కారణం వెతుకుతూ పోయి పసుపుకు మెరుపు కోసం కలిపే లెడ్ క్రోమేట్ దగ్గర తేలారు. 2019లో మార్కెట్ శాంపిళ్లలో 47 శాతంలో సీసం కనిపించింది. ప్రచారం, నిఘా, దాడుల తర్వాత 2021 నాటికి అది సున్నాకు చేరింది. సరైన ప్రశ్న, సరైన శాంపిల్ తల్లులనూ కాపాడాయి, సరుకు పరువునూ కాపాడాయి. పసుపు పేరు మీద బతికే ఊళ్లకు ఈ పాఠం నేరుగా తగులుతుంది.

పద్ధతి తప్పితే ఏమవుతుందో మన ఖమ్మం చెబుతుంది. 2009లో అక్కడ హెచ్‌పీవీ టీకా అధ్యయనంలో దాదాపు 14 వేల మంది బాలికలకు టీకాలు వేశారు. గుజరాత్‌లో జరిగిన ఇదే అధ్యయనంతో కలిపి ఏడుగురు బాలికలు చనిపోవడంతో 2010లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ భావించింది. కానీ హాస్టల్ పిల్లల అంగీకార పత్రాల మీద వార్డెన్లు సంతకాలు చేశారన్నది, దుష్ఫలితాల నమోదు సరిగా లేదన్నది 2013లో పార్లమెంటరీ కమిటీ తప్పుపట్టిన విషయాలు. ఆ వయసు బాలికల్లో మామూలుగా ఏడాదికి ఎన్ని మరణాలు ఉంటాయో ముందే లెక్క కట్టి ఉంటే, తల్లిదండ్రులకు చెప్పడానికి సూటి జవాబు ఉండేది. అంగీకారం అడగడం, మరణం నమోదు చేయడం, పోల్చడానికి ఆధారం ఉంచుకోవడం మూడూ పరిశోధన పద్ధతిలోని భాగాలే.

అందుకే కోర్సు ఆర్మూరుకు రావాలి, తెలుగులో రావాలి. మూడు రోజుల్లో సాఫ్ట్‌వేర్ మీటలు నొక్కడం నేర్పి పంపే వర్క్‌షాపుల వల్ల పెద్ద ప్రయోజనం లేదు. పీ విలువ అనే గణాంక కొలమానం ఎంతో చెప్పగలిగి, అది ఏం చెప్పదో తెలియనివాళ్లు తయారవుతారు. ప్రతి ఒక్కరూ తమ రిజిస్టరుతో రావాలి. మొదటి రోజు ప్రశ్న, రెండో రోజు శాంపిల్, పోలిక, మూడో రోజు పట్టిక చదవడం. ఆ తర్వాత ఆరు నెలలు నెలకోసారి కలిసి సొంత ప్రశ్న మీద పని చేయాలి. 2013లో మొదలైన నిజామాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాల ఈ బాధ్యత తలకెత్తుకోవచ్చు, హైదరాబాద్‌లోని పోషకాహార సంస్థ తోడుండవచ్చు. ఉన్న పనికే సమయం చాలడం లేదన్న సిబ్బంది మాటలో న్యాయముంది. కాబట్టి శిక్షణ రోజులను డ్యూటీగా లెక్కించాలి, ఒకే వివరాన్ని నాలుగు చోట్ల రాయించడం మానాలి.

స్వల్పకాలిక కోర్సు ఎవరినీ గణాంక నిపుణులను చేయదు. నిపుణుల దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో నేర్పితే చాలు. పసుపు తవ్వే రోజున విత్తనం గురించి అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు. పరిశోధనలోనూ అడగవలసింది విత్తే ముందే.

పసుపు బోర్డు కోసం ఈ నేల గట్టిగా అడిగింది, సాధించుకుంది. తన ఒంటి ఆరోగ్యం గురించీ అంతే గట్టిగా అడగాలి. వచ్చే ఏ జూన్ 29నైనా ఒక ఏఎన్ఎం తన ఊరి రిజిస్టరు తెరిచి, ‘ఇదీ నా ప్రశ్న, ఇదీ నేను లెక్కించిన తీరు’ అని పది మంది ముందు చెప్పగలిగితే, ఆ చదువు ఆర్మూరు చేరినట్టే.