స్పీకర్ నిర్ణయాన్నీ నిలదీయాల్సిందే

పార్టీ ఫిరాయించారన్న ఆరోపణ ఎదుర్కొంటున్న పది మంది ఎమ్మెల్యేల సంగతి మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు తెలంగాణ శాసనసభ స్పీకర్‌ను ఆదేశించింది. ఆ పది మందీ 2023 ఎన్నికల్లో భారత రాష్ట్ర సమితి టికెట్‌పై గెలిచినవారే. వారిలో ఒకరైతే ఎమ్మెల్యే పదవిలో ఉంటూనే 2024లో సికింద్రాబాద్ లోక్‌సభ స్థానానికి కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీ చేశారు. కోర్టు పెట్టిన గడువు కూడా దాటిపోయింది, ధిక్కార పిటిషన్‌పై నోటీసులు వెళ్లాయి. ఇన్నాళ్లూ ఈ జాప్యం గురించి ఎవరు నోరెత్తినా ‘స్పీకర్ నిర్ణయాలపై బయట మాట్లాడకూడదు, అది సభకే అగౌరవం’ అన్న మాటే ఎదురైంది. ఈ వాదన తప్పు. సభాపతి రూలింగ్‌ను సభలో ఆ క్షణాన పాటించడం సభ్యుడి విధి. ఆ తర్వాత దాని మంచిచెడ్డలను అందరి ముందూ ప్రశ్నించడం సభ్యుడికీ, అతణ్ని గెలిపించిన ఓటరుకూ ఉన్న హక్కు. ఈ రెండింటికీ పొత్తు కుదరదని చెప్పేవారు స్పీకర్ పదవిని కాపాడుతున్నామనుకుంటూ దాన్నే బలహీనపరుస్తున్నారు.

ఈ జాడ్యం ఒక్క పార్టీది కాదు, ఒక్క రాష్ట్రానిదీ కాదు. తెలంగాణ ఏర్పడిన ఏడాదే, 2014 డిసెంబరులో, తెలుగుదేశం టికెట్‌పై గెలిచిన ఎమ్మెల్యే తెరాస (నేటి భారత రాష్ట్ర సమితి) ప్రభుత్వంలో మంత్రిగా ప్రమాణం చేశారు. 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు తెరాసలో విలీనమైనట్లు స్పీకర్ గుర్తించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2014–19 మధ్య వైకాపాకు చెందిన 23 మంది ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్లారు. వారిలో నలుగురు 2017 ఏప్రిల్‌లో మంత్రులయ్యారు. వారిపై ఇచ్చిన అనర్హత పిటిషన్లు సభ కాలం ముగిసేదాకా తేలలేదు. తెలంగాణలో నష్టపోయిన తెలుగుదేశం ఆంధ్రప్రదేశ్‌లో లాభపడింది. 2019లో విలీనాన్ని సమర్థించుకున్న పార్టీ నేడు న్యాయస్థానం మెట్లెక్కింది, నాడు అన్యాయమని ఆక్రోశించిన కాంగ్రెస్ నేడు స్పీకర్ విచక్షణ గురించి పాఠాలు చెబుతోంది. ఏ పార్టీకీ శాశ్వతంగా ఒకే వైపు కుర్చీలు ఉండవు. కాబట్టి ప్రశ్నించే హక్కు ప్రతిపక్షానికి చేసే ఉపకారం కాదు. రేపు ప్రతిపక్షంలో కూర్చోబోయే నేటి అధికారపక్షానికీ అది రక్షణే.

స్పీకర్ మాటకు విలువ లేకపోతే సభే నడవదన్న అభ్యంతరంలో నిజం ఉంది. కూర్చోమంటే కూర్చోవాలి, మైకు ఆపితే ఆగాలి, బయటికి వెళ్లమంటే వెళ్లాలి. 2018 మార్చిలో గవర్నర్ ప్రసంగం జరుగుతుండగా విసిరిన హెడ్‌ఫోన్ తగిలి తెలంగాణ శాసనమండలి ఛైర్మన్ కంటికి గాయమైంది. అది నిరసన కాదు, నిలువునా తప్పు. అయితే మర్నాడే ఇద్దరు కాంగ్రెస్ ఎమ్మెల్యేలను వారి వాదన కూడా వినకుండా సభ నుంచి బహిష్కరించడం అంతకంటే పెద్ద తప్పు. ఏప్రిల్‌లో హైకోర్టు ఆ బహిష్కరణను కొట్టేసింది. తీరు తప్పినవారిని శిక్షించడానికి కూడా ఒక తీరు ఉండాలని ఆ ఉదంతం చెబుతోంది. దాన్ని నాడు బహిరంగంగా ఎత్తిచూపినవారు సభ గౌరవానికి భంగం కలిగించారని నేడు ఎవరైనా అనగలరా? మరోవైపు, ఫిరాయింపులకు నిరసనగా 2017 చివర్లో ఆంధ్రప్రదేశ్ ప్రధాన ప్రతిపక్షం అసెంబ్లీనే బహిష్కరించింది. దాన్నీ మేము సమర్థించం. సభను ఖాళీ చేసి వెళ్తే ప్రశ్న అడిగేవారే మిగలరు.

మన చట్టసభల చరిత్రలో సభాపతిని ప్రశ్నించడం కొత్తేమీ కాదు. తొలి లోక్‌సభ స్పీకర్ మావలంకర్ తొలగింపు కోరుతూ 1954 డిసెంబరులోనే తీర్మానం వచ్చింది. సభలోనే చర్చ జరిగింది, తీర్మానం వీగిపోయింది. మావలంకర్ ప్రతిష్ఠ దానివల్ల ఇసుమంతైనా తగ్గలేదు, నేటికీ ఆయన పేరు గౌరవంగానే తలుస్తున్నాం. 1967లో లోక్‌సభ స్పీకర్‌గా ఎన్నికైన నీలం సంజీవరెడ్డి వెంటనే కాంగ్రెస్ పార్టీ సభ్యత్వాన్ని వదులుకున్నారు. తన నిష్పాక్షికత మీద ప్రశ్న రావచ్చని గుర్తించి, అది రాకముందే సమాధానం ఇచ్చారాయన. మన నేల నుంచి వెళ్లిన నాయకుడు వేసిన ఆ బాటలో ఆ తర్వాత నడిచినవారు దాదాపు లేరు. ఇక మనం పార్లమెంటరీ సంప్రదాయాలు అరువు తెచ్చుకున్న బ్రిటన్‌లో 2024 ఫిబ్రవరి 21న ఏం జరిగిందో చూడాలి. గాజా కాల్పుల విరమణ తీర్మానంపై ఆనవాయితీకి భిన్నంగా లేబర్ పార్టీ సవరణను చర్చకు అనుమతించినందుకు స్పీకర్ లిండ్సే హోయల్‌పై సభ భగ్గుమంది. పదుల మంది ఎంపీలు అవిశ్వాసం ప్రకటిస్తూ సంతకాలు చేశారు. ఆయన ఎవరి మీదా సభాహక్కుల నోటీసు ఝళిపించలేదు. అదే రాత్రి సభకు తిరిగొచ్చి, ఆ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో చెప్పి, క్షమాపణ కోరారు. ఆ తర్వాత కూడా స్పీకర్‌గానే కొనసాగారు. బహిరంగ విమర్శ, బహిరంగ సంజాయిషీ జరిగినా అక్కడ కుర్చీ కూలిపోలేదు.

అభ్యంతరాలు ఉంటే స్పీకర్ ఛాంబర్‌కు వెళ్లి చెప్పుకోవచ్చు కదా అని కొందరి వాదన. చిన్నచిన్న విషయాలకు అది మంచి పద్ధతే. మాట్లాడేందుకు సమయం సరిపోలేదనో, సీట్ల కేటాయింపు సరిగా లేదనో వీధికెక్కడం సభ్యుల హుందాతనం కాదు. అయితే లక్షల మంది ఓటు విలువ తేల్చే నిర్ణయాలు నాలుగు గోడల మధ్య మాటలతో పరిష్కారం కావు. అలా పరిష్కారమైనా అది న్యాయమో బేరమో జనానికి తెలిసే వీలు లేదు. ఒక ఊళ్లో పెద్దమనిషి రచ్చబండ దగ్గర తీర్పు చెప్పేది పదిమందీ వింటారనే, పదిమందీ విన్నారన్న ఎరుకే అతని నోటిని అదుపులో పెడుతుంది. స్పీకర్‌ను తొలగించే మార్గం 179వ అధికరణంలో ఉంది కదా అన్నది మరో వాదన. పద్నాలుగు రోజుల నోటీసు, మొత్తం సభ్యుల్లో మెజారిటీ కావాలి. ఆ స్పీకర్‌ను కుర్చీ ఎక్కించిన మెజారిటీయే, విప్ మాటకు కట్టుబడి, ఆయన్ను దింపుతుందా? కాగితం మీది ఈ మార్గాన్ని చూపి మిగతా దారులన్నీ మూసేయడం సబబు కాదు.

కోర్టులున్నాయి కదా అనే వాదనను మాత్రం కాస్త నిదానంగా చూడాలి. స్పీకర్ నిర్ణయాలు న్యాయసమీక్షకు లోబడినవేనని కిహోటో హోలోహన్ కేసులో 1992లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అయితే నిర్ణయమంటూ వెలువడితేనే కదా సమీక్షించేది! పిటిషన్‌ను బీరువాలో పెట్టి కాలం గడిపితే సమీక్షకు ఏమీ మిగలదు. తీర్పు చెప్పకపోవడం కూడా తీర్పే, అది ఫిరాయించినవారికి అనుకూలమైన తీర్పు. అందుకే 2020లో మణిపుర్ కేసులో, సాధారణంగా మూడు నెలల్లో తేల్చాలని అదే న్యాయస్థానం చెప్పాల్సివచ్చింది. ఈ అధికారాన్ని స్పీకర్ చేతి నుంచి తప్పించి స్వతంత్ర ట్రైబ్యునల్‌కు ఇచ్చే విషయం ఆలోచించాలని పార్లమెంటుకు సూచించింది కూడా. మహారాష్ట్రలో 2021 జులైలో 12 మంది భాజపా ఎమ్మెల్యేలను ఏడాదిపాటు సస్పెండ్ చేస్తే, అది చెల్లదని కోర్టు చెప్పేసరికి 2022 జనవరి వచ్చింది. ఆ ఆరు నెలలూ పన్నెండు నియోజకవర్గాలకు సభలో గొంతు లేదు. న్యాయస్థానం ఆఖరి దిక్కు, అక్కడికి చేరేలోపు జరిగే నష్టాన్ని ఆపగలిగేది ప్రజాభిప్రాయం ఒక్కటే. అందుకు జరిగినదేమిటో ప్రజలకు చెప్పే స్వేచ్ఛ ఉండాలి.

ఆ స్వేచ్ఛ మీద వేలాడే కత్తి సభాహక్కులు. స్పీకర్ నిష్పాక్షికతను శంకించడమే హక్కుల ఉల్లంఘన అన్న పాత సంప్రదాయం ఇప్పటికీ కొనసాగుతోంది. 1983 మార్చిలో ‘పెద్దల గలభా’ అన్న శీర్షిక పెట్టినందుకు ఈనాడు సంపాదకుడిని అరెస్టు చేసి తెమ్మని ఆంధ్రప్రదేశ్ శాసనమండలి పట్టుబట్టింది, సుప్రీంకోర్టు అడ్డుకుంది. 1987లో ఒక కార్టూన్‌కు ఆనంద వికటన్ సంపాదకుడిని తమిళనాడు అసెంబ్లీ మూడు నెలల శిక్ష వేసి జైలుకు పంపింది. దేశమంతా నిరసన లేచాక కొద్ది రోజులకే వదిలిపెట్టక తప్పలేదు. ఈ రెండు ఉదంతాల్లో సభ గౌరవం పెరిగిందని అనుకునేవారు నేడు ఎవరూ ఉండరు. సభాహక్కులను చట్టం చేసి నిర్వచించుకోవచ్చని 194వ అధికరణం చెప్పి ఏడున్నర దశాబ్దాలు గడిచినా మన చట్టసభలు ఆ పని చేయలేదు. ఏది నేరమో రాసి ఉండకపోవడం శిక్ష వేసేవారికే అనుకూలం. ఫిర్యాదీ, సాక్షి, న్యాయమూర్తి ఒకరే కావడాన్ని మరెక్కడా మనం ఒప్పుకోం.

సామాజిక మాధ్యమాల్లో సభాపతులను కులం పేరుతో, కుటుంబం పేరుతో దూషించేవారి మాటేమిటని అడుగుతారు. అలాంటి దూషణను ఎవరూ ప్రశ్న అని పిలవకూడదు. దాన్ని శిక్షించడానికి మామూలు చట్టాలు చాలు. ప్రశ్నించే సభ్యులకూ, పత్రికలకూ ఒక బాధ్యత ఉంది. ఏ నిబంధన కింద, ఏ తేదీన, ఏ నిర్ణయం, ఎందుకు తప్పో చెప్పాలి, ఆధారం లేకుండా అమ్ముడుపోయారన్న నింద వేయకూడదు. పార్టీ ప్రతినిధుల్లో చాలామంది ఇంత శ్రద్ధ పెట్టడం లేదు. అయినా వారి నోటి దురుసు కారణంగా సహేతుక విమర్శ నోరు కట్టేయడం ఎలా న్యాయమవుతుంది?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలు పార్లమెంటు కోసం ఎదురుచూడకుండా తమ నియమావళిలోనే చేయగలిగిన పనులున్నాయి. అనర్హత పిటిషన్ అందిన రోజు నుంచి అది ఏ దశలో ఉందో అసెంబ్లీ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించాలి. ప్రతి సస్పెన్షన్‌కూ, ప్రతి తిరస్కరణకూ కారణాలు రాతపూర్వకంగా తెలుగులో వెలువడాలి. సభాపతి నిర్ణయంపై ఆధారాలతో చేసే విమర్శ హక్కుల ఉల్లంఘన కాదని స్పష్టంగా రాయాలి. రెండు సభల స్పీకర్లూ నియమావళి కమిటీలను పిలిచి వచ్చే సమావేశాల్లోనే ఈ సవరణలు ప్రవేశపెట్టాలి. ప్రతిపక్షాలు వాటికి బేషరతుగా మద్దతు పలకాలి.